మదార్ సాబ్ మట్టిచేసిన సీసా

వరంగల్లు,
ఆదివారం, ప్రార్థన గుడి నుంచి వచ్చాక.

ఎస్తేరక్కకు, నీ తమ్ముడు దావీదు రెండు చేతులు జోడించి రాసేది. దేవుని దయవల్ల నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ నువ్వు, బావ, పెద్దమ్మ, పాలిచ్చే బర్రె, తన్నే బర్రె అందరూ బాగున్నారని తలుస్తాను. బాగున్నారా అని అడగడం ఉత్తరానికి రివాజు. ఈసారి రివాజు కోసం అడగడం లేదక్కా. నీ మెడ కింద గడ్డ ఎలా ఉంది?

పోయిన ఉత్తరంలో కోడి పొదిగిన సంగతి ఇంత పెద్ద అక్షరాలతో రాశావు. అసలు సంగతి మాత్రం ఇన్లాండు కవరు అంచు మీద, జిగురు రాసే చోట, చీమల బారులా రాశావు. గోలీకాయంత గడ్డ లేచిందని, పసరు కడుతున్నానని, పరీక్షకు ముక్క తీస్తే రోగం ఒళ్లంతా పాకుతుందని అందరూ అంటున్నారని, కాబట్టి దవాఖానకు రమ్మని మాత్రం రాయవద్దని. కవరు చింపేటప్పుడు ఆ అంచు సగం చినిగింది. రెండు ముక్కలూ దగ్గర పెట్టుకుని చదివాను. రాయవద్దన్నావు కనుకనే రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఇది నా వేషాల్లో ఒకటి కాదు. పోయిన ఏడు నేను నర్సును పెండ్లి చేసుకున్నానని ఉత్తుత్తి ఉత్తరం రాస్తే, నువ్వు కొత్త చీర, డజను గాజులు, ఒక పుంజు పట్టుకుని ఏటూరునాగారంలో బస్సెక్కి వరంగల్లులో దిగావు. ఆ పుంజు నీ చేతిలోంచి జారి మా దవాఖాన ఆడవాళ్ల వార్డులోకి ఉరికితే, ఆపరేషనైన వాళ్లు కూడా మంచాలు దిగి పట్టుకోబోయారు. "నీ నోట్ల మన్నువడ! నలభై అయిదేండ్లొచ్చినయి, ఎప్పుడు మనిషివైతవ్‌రా?" అని నువ్వు వరండాలో అందరి ముందూ దులిపావు. అందుచేత నా ఉత్తరాన్ని నువ్వు సగమే నమ్ముతావని తెలుసు. మిగతా సగానికి అడుగున సాక్ష్యం పెట్టాను. ముందే తిప్పి చూడకు. వరసగా చదువు.

ఇక్కడ వాన పట్టుకుని వదలడం లేదు. ఉతికిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. తడిదే తొడుక్కుని నా ఒంటి వేడితో ఆరబెడుతున్నాను. మెస్సులో పప్పుచారు పోస్తారు. పప్పు ఎక్కడుందని అడిగితే "చారు అడుగున ఉంటది, కలుపుకో" అంటాడు వడ్డించేవాడు. అడుగు దాకా వెతికాను. గిన్నె అడుగున చెక్కించిన మెస్సువాడి పేరే కనబడింది. ఆదివారాలు కొంచెం కష్టంగా గడుస్తాయి. గుడిలో పాటలు అయిపోయాక ఎవరి ఇంటికి వాళ్లు పోతారు, నేను గదికి పోతాను. అంతే. అయినా నువ్వు ఫికర్ చేయకు, బాగానే ఉన్నాను.

పని సంగతి నువ్వు ఎప్పుడూ అడుగుతావు, నేను ఎప్పుడూ మాట దాటవేస్తాను. పాస్టరుగారి సిఫారసు చిట్టీతో వచ్చింది దవాఖానలో అటెండర్ పని అని మాత్రమే నీకు తెలుసు. నేను ఉండేది ముక్కలు పరీక్ష చేసే గదిలో. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో గడ్డకట్టిస్తారు. తర్వాత ఒక యంత్రం మీద ఉల్లిపొర కంటే పల్చగా కోస్తారు. ఆ పొరను గాజుపలక మీద పరిచి, గులాబీ రంగు, నీలం రంగు పట్టించి, మా డాక్టరు మేడం ఒక గొట్టంలో కన్ను పెట్టి చూసి ఏ రోగమో రాస్తుంది. ముక్క వచ్చేటప్పుడే ఫార్మలిన్ అనే మందునీళ్లలో ఉంటుంది. ఆ నీళ్లుంటే ముక్క కుళ్లదు. ఆ నీళ్ల వాసన తగిలితే రాయికైనా కన్నీళ్లు వస్తాయి. మొదటి వారం నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడుస్తుంటే, అవతలి గదివాళ్లు నా వాళ్లెవరో పోయారనుకుని ఛాయ్ తెచ్చిచ్చారు. నేనూ కాదనలేదు. రెండో రోజు కూడా తెచ్చారు.

పక్కనే ఎక్స్‌రే గది. వరసలో నిలబడ్డవాళ్లతో నేను, "ఈ ఫోటోల బొక్కలే గాదు, కడుపుల దాచుకున్న అబద్ధాలు గూడ పడ్తయి" అని చెప్పేవాణ్ని. ఒకాయన చొక్కా విప్పుతూ విప్పుతూ పెండ్లాం వైపు తిరిగి, "నీ కమ్మలు కుదువ బెట్టింది నేనేనే, దొంగలు గాదు" అని ఒప్పుకున్నాడు. ఆమె అక్కడే రెండు అంటించింది. ఎక్స్‌రే తీసే ఆయన నవ్వి నవ్వి, ఫోటో కదిలిపోయి మళ్లీ తీయాల్సి వచ్చింది. ఇట్లాంటివన్నీ నాకు పండుగలా ఉండేవి. నా నోటికి దేవుడు తాళం పెట్టలేదని నువ్వే కదా అంటావు.

ఇక సంగతికి వస్తాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఆపరేషన్ గదిలో ముక్క తీశాక, దాన్ని సీసాలో వేసి, ఒక కాగితం రాసి, రోగి వెంట వచ్చిన మనిషి చేతికి ఇస్తారు. ఆ మనిషే ఆవరణ దాటి వచ్చి మా గదిలో ఇవ్వాలి. మేము రిజిస్టరులో నెంబరు వేస్తాము. ఎవరి ముక్క వాళ్లే మోసుకురావాలన్నమాట.

అట్లా ఒక రోజు మదార్ సాబ్ అనే ముసలాయన వచ్చాడు. నర్సంపేట దిక్కు ఊరు, పరుపులు కుట్టే పని. గడ్డం కూడా ఆయన ఏకే దూదిలాగే ఉంటుంది. సీసాను రుమాలుతో కప్పి, రెండు చేతులతో, దర్గాలో పంచే ప్రసాదంలా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, ముక్కలు తీసుకునే జాగ ఇదేనా?"

"ఇదే. ఎవరిది?"

"మా ఇంటామెది. జైనబ్బీ. మెడ కాడ గడ్డలున్నయి, అండ్ల ఒకటి తీసిన్రు. దీన్ని ఏం జేస్తరు బిడ్డా?"

సీసా తీసుకుని నెంబరు వేస్తే సరిపోయేది అక్కా. నాకు నాలుక దురద పెట్టింది.

"ఏం జేస్తం? మైనంల ముంచుతం. సన్నగ కోస్తం. రంగులేస్తం. అద్దం మీద పరిచి వరసగ కన్ను పెట్టి చూస్తం."

"మొగోళ్లు గూడ చూస్తరా?"

"మొగోళ్లే ఎక్కువ."

ఆయన రుమాలును ఇంకొంచెం కిందికి లాగాడు. "చూసినంక వాపస్ ఇస్తరా?"

"వాపసా? అల్మారాల పెడ్తం. ఎన్నో ఏండ్ల సంది ముక్కలు అట్లనే ఉన్నయి."

"అంటే మా జైనబ్బీ జర నర్సంపేటల, జర మీ అల్మారాల ఉంటదా?"

నాకు నవ్వు ఆగలేదు. "మొన్న ఒకాయన కాలు తీసేస్తే మీవాళ్లు పట్కపోయి కబరస్తాన్ల మట్టిచేసిన్రు. నువ్వేమో సీసాల పోసుకొచ్చి నా చేతుల పెడ్తానవ్. ఆలోచన జేసుకో సాబ్, ఛాయ్ తాగి రా. జల్దేం లేదు."

లోపలి నుంచి మేడం పిలిస్తే పోయాను. తిరిగి వచ్చేసరికి గుమ్మంలో ఆయన లేడు. ఇంకెవరో తీసుకుని ఉంటారనుకున్నాను. నేను మాత్రం ఛాయ్ తాగాను.

వారం దాటాక ఫైళ్లు పట్టుకుని పెద్ద డాక్టరు గదికి పోయాను. మదార్ సాబ్, జైనబ్బీ అక్కడ నిలబడి ఉన్నారు. ఆమె ఎముకల గూడులా ఉంది, మెడకు కట్టు, గొంతు మాత్రం ఇత్తడి బిందెలా ఖంగున మోగుతుంది. డాక్టరు ఆమె చాతీ ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"చూడు పెద్దాయనా, ఊపిరితిత్తి మీద ఈ తెల్ల మచ్చ కనబడుతుందా? టీబీ అయినా ఇట్లనే ఉండొచ్చు, క్యాన్సర్ అయినా ఇట్లనే ఉండొచ్చు. ఫోటో ఇంతకంటే చెప్పదు. టీబీ అయితే మందులు నేనిస్తా. రెండోదైతే హైదరాబాదు పోయి కరెంటు పెట్టించుకోవాలె. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. ముక్క రిపోర్టు చూస్తేగాని నేను చేయి వేయను. ఏది రిపోర్టు?"

రిపోర్టు లేదు. రిజిస్టరు తెప్పించి చూశారు. జైనబ్బీ పేరే లేదు. డాక్టరు నా వైపు చూశాడు.

"దావీదూ, సీసా ఎటు పోయింది?"

నేను నోరు తెరిచేలోగా మదార్ సాబ్ అన్నాడు, "మట్టిచేసిన సార్."

"ఏందీ?"

"కబరస్తాన్ల. దువా చదివి మట్టిచేసిన."

అక్కా, చేతిలో ఫైళ్లు ఎప్పుడు జారాయో తెలియదు. చప్పుడు విని అందరూ ఉలిక్కిపడ్డారు, నేను ఉలిక్కిపడలేదు, నాకు ఆ చప్పుడే వినబడలేదు. ముందుగా తేరుకున్నది జైనబ్బీ.

"ఓ నీ గడ్డం గాల! నన్ను బతికుండంగనే పాతివెట్టినవా? నాకు జెప్పకుండ నా మయ్యత్ జేసినవా?"

"నిన్ను గాదే, జర ముక్కనే..."

"గా ముక్క నాది గాదా? పక్కింటోళ్లదా?"

డాక్టరు బల్ల మీద చరిచాడు. ఇంకో గడ్డ నుంచి మళ్లీ ముక్క తీయాల్సిందేనన్నాడు. జైనబ్బీ కొంగు తలమీదికి లాక్కుంది. "ఇంకోపారి కత్తి వెడితే నేనుండ. బస్సెక్కి పోత. ఎన్నాళ్లుంటే అన్నాళ్లుంట, ఇంటికాడ ఉంట." ఉత్తమాటలా అనలేదు. అప్పుడే చెప్పుల కోసం చూస్తోంది. ఆమె ఆ గడప దాటితే ఏ రోగమో తెలియకుండానే పోతుంది. ఆ తెల్ల మచ్చ ఆమె వెంటే పోతుంది.

"అసలు నీకు పాతిపెట్టమని ఎవరు చెప్పిన్రయ్యా?" అని డాక్టరు గద్దించాడు.

మదార్ సాబ్ నా మొహంలోకి చూశాడు. నిదానంగా, పరుపులో ఎక్కడ దూది గడ్డకట్టిందో తడిమి చూసేవాడిలా చూశాడు. నా నౌకరి, నా మెస్సు, నా గది అన్నీ ఆ చూపు చివర వేలాడుతున్నాయి.

"ఎవరు జెప్పలె సార్. మా రివాజు" అన్నాడు.

ఊళ్లో ఎవరు తన్నినా, పోలీసు పటేలు గుంజకు కట్టేసినా నేను ఇంత అదిరిపోలేదు అక్కా. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ని. అంత వాగే నోరుండి, కింద పడ్డ ఫైళ్లు ఏరుకున్నాను. నేనే చెప్పానని అనలేకపోయాను. ఇది నీకు మాత్రమే రాస్తున్నాను, బావకు చదివి వినిపించకు.

బయటికి వచ్చి మా గదికి ఉరికి మేడం ముందు మాత్రం మొత్తం కక్కేశాను. ఆమె తిట్టలేదు. పెన్ను కింద పెట్టి, "మూతతో పాతిపెట్టాడా, తీసి పాతిపెట్టాడా?" అని అడిగింది. "సీసా మూత బిగించి ఉంటే, లోపల ఫార్మలిన్ ఉంటే, ముక్కకు ఏమీ కాదు. బయటికి తీసి పెడితే ఈపాటికి మట్టే. ఇక్కడ నిలబడి ఏడవకు, పోయి చూడు."

అప్పుడు ఫార్మలిన్ మూత తీసి లేదక్కా, నాకు కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో.

జైనబ్బీని బతిమాలి మంచం మీద కూర్చోబెట్టి, మదార్ సాబ్‌ను రిక్షా ఎక్కించాను. వాన కొడుతూనే ఉంది. దారిలో అడిగాను.

"సాబ్, మూత తీసినవా?"

"తీసిన" అన్నాడు.

నా ప్రాణం సగం పోయింది.

"సీసాతోని మట్టిచేసుడు మంచిగుండదని, తెల్లబట్టల చుడదామని తీసిన. తియ్యంగనే కండ్లు భగ్గున మండినయి బిడ్డా. లోకమే కానరాలె. తడుముకుంట మళ్ల బిగించిన. లోపలిది ఉన్నదో, ఒలికిందో తెల్వది. సీసాను అట్లనే బట్టల చుట్టి పెట్టేసిన."

కబరస్తాన్ చూసుకునే ముసలాయన మొదట ఒప్పుకోలేదు. పెట్టినదాన్ని తీయకూడదన్నాడు. మదార్ సాబ్ చేతులు పట్టుకున్నాడు. అప్పుడు ఆ కబరస్తాన్ ముసలాయన "గా ముక్క ఎవరిదో ఆమె బతికే ఉన్నదా?" అని అడిగాడు. ఉందన్నాము. "ఉంటే ఇది కబర్ గాదు. తియ్యున్రి" అని పార తనే తెచ్చిచ్చాడు.

చోటు ఎక్కడో వానకు తెలియకుండా పోయింది. గుర్తుగా ఒక రాయి పెట్టానన్నాడు, అక్కడ రాళ్లు కొల్లలు. మూడు చోట్ల తవ్వాను, బురద, ఇంకా బురద. నాలుగోచోట మదార్ సాబ్ వంగి మట్టిలోంచి ఆకుపచ్చ గాజుముక్క తీశాడు. ఆపరేషన్‌కు ముందు జైనబ్బీ చేతి గాజులు తీయించారట. అవి పారేయబుద్ధి కాక సీసా పక్కనే పెట్టాడట. అక్కడ చేత్తో తవ్వాను. మూరెడు లోతున తెల్లగుడ్డ మూట తగిలింది. విప్పాను. మూత వంకరగా ఉంది, కానీ ఉంది. నీళ్లు సగానికి దిగాయి, కానీ ఆ సగం నీళ్లలో చిక్కుడు గింజంత ముక్క మునిగి ఉంది. కాగితం ఏదని అడిగితే మదార్ సాబ్ టోపీ తీశాడు. టోపీలో మడిచిపెట్టుకున్నాడు, పేరూ వార్డూ చెదరకుండా ఉన్నాయి.

ఆ సీసాను నేను ఎట్లా తెచ్చానో నీకు చెప్పలేను. రిక్షా గుంతలో పడినప్పుడల్లా లేచి నిలబడ్డాను. రిక్షావాడు "కూసో అన్నా, బండి పల్టీ కొడ్తది" అని తిడుతూనే ఉన్నాడు.

తర్వాతి నాలుగు రోజులు నేను గదిలో ఎవరితోనూ పరాచికాలాడలేదు. నాకు జ్వరమేమోనని మేడం నుదురు చూసింది. అయిదో రోజు గొట్టంలో చూస్తూ చూస్తూ, "ఇటు రా" అంది. ఇన్నేళ్లలో మొదటిసారి నేను అందులో కన్ను పెట్టాను. గులాబీ రంగు నేల మీద నీలం చుక్కలు, పెద్దమ్మ పాత చీర మీద అద్దకం పువ్వుల్లా గుంపులు గుంపులుగా ఉన్నాయి. అది చెడ్డదో మంచిదో నాకేం తెలుసు.

"టీబీ. క్యాన్సర్ లేదు" అంది మేడం.

ఆ కాగితం పట్టుకుని నేను వార్డుకు నడవలేదు, నీ పుంజులా ఉరికాను. ఏడాదికి పైగా మందులు మింగాలి, సూదులు వేయించుకోవాలి, కానీ మనిషి నిలబడుతుందని డాక్టరు చెప్పాడు. జైనబ్బీ మొత్తం విని, "సూదులా? అయితే మొదటి సూది ఈయనకు ఏయున్రి" అని మదార్ సాబ్‌ను చూపించింది.

వరండాలో ఆయనను అడిగాను, ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదని. "నిన్ను పట్టిస్తే నీ నౌకరి పోతుండె. మరి నా సీసా తవ్వేటోడు ఎవడు?" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఇప్పుడు చెప్పుదునా?" అన్నాడు. నా మొహం చూసి పకపకా నవ్వాడు. అక్కా, ఇన్నాళ్లకు నాకు సమ ఉజ్జీ దొరికాడు.

నేను మారిపోయానని రాయను. రాస్తే నువ్వూ నమ్మవు, నేనూ నమ్మను. కానీ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్లతో ఇప్పుడు పేరు, వార్డు తప్ప ఇంకేమీ మాట్లాడను. సీసా ముందు తీసుకుంటాను, తర్వాతే ఊపిరి పీలుస్తాను.

ఇప్పుడు నీ సంగతి. ముక్క తీస్తే రోగం పాకుతుందా అని నీ మాట నీ మాటగానే మేడంను అడిగాను. "ముక్క తీసినందుకు పాకదు. పాకే రోగమైతే, తీయకుండా ఇంట్లో కూర్చున్నందుకు పాకుతుంది" అంది. నీది ఏమిటో నాకు తెలియదు అక్కా. జైనబ్బీకి టీబీ వచ్చింది కనుక నీకూ అదేనని రాస్తే నీకు ధైర్యం వస్తుంది. కానీ అది నా ఇంకో నర్సు పెండ్లి అవుతుంది. ఏమీ కాకపోవచ్చు, ఏదైనా కావచ్చు. పసరుకు తెలియదు, నాకు తెలియదు, చూస్తేనే తెలుస్తుంది. పసరు మాత్రం ఇవాళే కడిగేసుకో.

బావను తీసుకుని ఈ వారంలోనే బస్సెక్కు. చాతీ ఫోటోకు బల్లకు ఆనుకుని ఊపిరి బిగపట్టాలి, అంతే. అబద్ధాలు పడవు, అది నేను కల్పించిందే. మెడ దగ్గర మొద్దుబారడానికి సూది వేసి ముక్క తీస్తారు. ఈ ఉత్తరం వార్డులో కూర్చునే రాస్తున్నాను; చీమ కుట్టినట్టు ఉంటుందని రాయబోతే, పక్కనే కూర్చున్న జైనబ్బీ నన్ను ఆపి, "చీమ గాదు, తేలు. కాని చిన్న తేలు. నిజం రాయి" అంది. తన పక్క మంచం రేపు ఖాళీ అవుతుందని, మీ అక్కను దానికే రమ్మనమని కూడా చెప్పింది.

వచ్చేటప్పుడు పచ్చిపులుసుకు కొంచెం చింతపండు, ఎండు కారం తీసుకురా, ఇక్కడి కారం రంగుకే గాని రుచికి పనికిరాదు. పుంజును తేవద్దు. పెద్దమ్మ కాళ్లకు నా తరపున మొక్కు, పాస్టరుగారికి వందనాలు చెప్పు, రాత్రి ప్రార్థనలో నా నోటి కోసం రెండు మాటలు ఎక్కువ అడుగు. బావతో ఒకటి గట్టిగా చెప్పు. ముక్క తీశాక నర్సు సీసా ఇవ్వడానికి చేయి చాపితే, ఆయన చాపవద్దు. "దావీదూ" అని పిలవమను. నేను తలుపు దగ్గరే నిలబడి ఉంటాను.

నీ దీవెన కోరే తమ్ముడు,
దావీదు

ఈ కింద ఉన్న రెండు గులాబీ రంగు మచ్చలు మదార్ సాబ్‌వి, జైనబ్బీవి వేలిముద్రలు. సిరా దొరకక మా గది రంగులోనే వేయించాను, మేడం తిట్టింది. పైన రాసినదంతా చదివి వినిపిస్తే విని, నిజమేనని వేశారు. నన్ను నమ్మకపోతే వాళ్లను నమ్ము. కానీ రా.